కొడుకు పేరున తెరిచిన బ్రౌజరు

మా ఇంటికి ఇంటర్నెట్ పెట్టించే ముందు నేను నెల రోజులు విచారించాను. సర్వేయరుగా కొనకనమిట్ల, తర్లుపాడు పొలాల్లో గొలుసు పట్టి తిరిగినవాణ్ణి. కొలవనిదే దేన్నీ ఒప్పుకోను. మార్కాపురంలో మా వీధికి మూడు కంపెనీల తీగలు వస్తాయి. ఏది ఎవరింట్లో ఉందో కనుక్కుని, సాయంత్రాలు పోయి వాళ్ల వరండాల్లో కూర్చున్నాను. ఒక కంపెనీ తీగ స్తంభాల మీద మరీ కిందుగా వేలాడుతుంది. గడ్డి ట్రాక్టరు పోయినప్పుడల్లా తెగుతుంది. ఇంకొకటి వాన చినుకు పడితే ఆగిపోతుంది. మూడోదానికి ఫిర్యాదు చేస్తే మనిషి వస్తాడని ఇద్దరు చెప్పారు. దాన్నే పెట్టించాను.

మాతోనే ఉంటూ పలకల వ్యాపారం చేసుకునే నా కొడుకు ఇదంతా చూసి నవ్వాడు. "నా పెండ్లికి గూడా నువ్వు ఇంత విచారించలేదు నాయనా."

బ్రౌజరు సంగతీ అట్లాగే తేల్చుకోవాలనుకున్నాను. రెండు మూడు వాడి చూసి, ఏది తొందరగా తెరుచుకుంటుందో, ఏది ఏమేం గుర్తుపెట్టుకుంటుందో తెలుసుకోవాలని. వాడు ఓపిక పట్టలేదు. అన్నీ ఒకటేనంటూ కంప్యూటరు ముందు కూర్చుని, తన ఖాతాతోనే ఒకటి తెరిచి పెట్టి లేచిపోయాడు. తెర మూలన గుండ్రంగా వాడి ఫోటో. కొడుకు పెట్టాడు గనక కొడుకు బొమ్మ ఉందనుకున్నాను. తీగ కోసం వీధంతా తిరిగినవాణ్ణి, దీన్ని వాడి మాట మీద వదిలేశాను.

కొన్నాళ్లకు డైరీలో నా అక్షరాలు చిన్నవవుతున్నాయని గమనించాను. లైను మొదట్లో మామూలుగానే ఉండి, చివరకు వచ్చేసరికి చీమల బారు అయ్యేవి. పాత డైరీలు పక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలిసిపోయింది. కుడి చేయి ఊరికే ఉన్నప్పుడు వణికేది. తలుపు దగ్గరకు వేసి ఇంటర్నెట్‌లో వెతికాను. ఎటు తిరిగి వెతికినా ఒకే జబ్బు పేరు ఎదురయ్యేది. నా భార్యకు చెప్పాలి. ఇంకొకరి ద్వారా కాదు, నా నోటితో, నేను కాస్త కుదుటపడ్డాక. అందాకా ఎవరికీ తెలియకూడదు. నా డైరీలు హాల్లో అల్మారాలో తాళం లేకుండానే ఉంటాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె గానీ, పెద్దయ్యాక వాడు గానీ ఒక్కసారీ తెరవలేదు. ఆ ఇంట్లోనే గదా కూర్చున్నానన్న ధైర్యం నాది.

ఒక ఆదివారం ఉదయం వాడు నా పక్కన కూర్చుని, ఒంగోల్లో నరాల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నానని, కారు కూడా మాట్లాడానని చెప్పాడు.

"నీకెవరు చెప్పినారు?"

"ఎవరు చెప్పాల నాయనా? అది నా ఖాతా గదా, నువ్వు వెతికేదంతా నా ఫోన్లోకి వస్తాంది."

"ఎప్పటి నుంచి?"

"పెట్టినకాడ్నుంచి. అమ్మకు గూడా ఎప్పుడో చెప్పినా" అన్నాడు.

నా మంచికే చేశాడు. ఆ మాట వాడూ అన్నాడు, నేనూ కాదనను. వణుకు గురించి చదివితే చదివాడు. ఇట్లాంటి జబ్బు సంగతి భార్యకు ఎట్లా చెప్పాలి అని కూడా ఒక రోజు వెతికాను. అదీ చదివాడు. చదివి, నాకంటే ముందు పోయి చెప్పాడు.

ఆ తర్వాత వాడి ఖాతా తీసేసి, నాలుగు రకాలు చూసి, నాకు నచ్చిన బ్రౌజరు పెట్టుకున్నాను. దాంట్లో దాచుకుని వెతకాల్సింది ఏమీ మిగల్లేదు.

ఆ ఆదివారం ఉదయం మాత్రం నేరుగా వంటింట్లోకి పోయాను. ఆమె టీ పోస్తోంది. నా గ్లాసులో సగమే. కొంతకాలంగా సగమే పోస్తోంది. పాలు చాలడం లేదేమో, నా చక్కెర తగ్గించాలని చూస్తోందేమో అనుకుని అడగలేదు. ఇప్పుడర్థమైంది. నేను దాచుకున్న చేతిని ఆమె రోజూ కనిపెడుతూనే ఉంది.

"నీకు తెల్సంట గదా" అన్నాను.

"మీరే చెప్తారని చూసినా."

"చెప్పనిచ్చినారా మీరిద్దరు?"

నేను గ్లాసు ముందుకు జరిపి, నిండా పొయ్యమన్నాను. వద్దనబోయి, పోసింది. ఎప్పటిలాగే కుడి చేత్తో ఎత్తాను. టీ తొణకక ముందే ఆమె చేతిలో గుడ్డ ఉంది.