స్టేజీ ఎక్కిన ల్యాప్‌టాప్

మా మావకు రాజాంలో బట్టల కొట్టు. అమ్మకు తమ్ముడు. పగలంతా చీరలు మడతపెట్టి, సాయంత్రం షట్టరు దించేసి, ఆర్కెస్ట్రా నడిపేవాడు. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, అమ్మవారి పండగలు ఎక్కడ పిలిస్తే అక్కడికి వ్యానులో అందర్నీ ఎక్కించుకుని వెళ్ళి పాడేవాడు. నేను అందులో కీబోర్డు వాయించేదాన్ని. బాగా వాయించేదాన్ని. సొంత డబ్బా కొట్టుకుంటోందని ఎవరైనా అనుకుంటే అనుకోండి, ఆ రోజుల్లో నా డబ్బా కొట్టేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మా పాత కీబోర్డుకు జబ్బు చేసింది. సముద్రం ఒడ్డున ఊళ్ళన్నీ తిరిగి తిరిగి దాని కడుపులోకి ఉప్పుగాలి ఎక్కింది. సగం మెట్లు పలకవు, పలికినవి ఆగవు. మావ విజయనగరంలో ఒకాయనతో మాట్లాడాడు. ఆయనకు సొంతంగా పెద్ద కీబోర్డుంది. దానితో పాటే ఆయనా వస్తాడు. ఆయనొస్తే నేను దిగిపోవాలి. స్టేజీ మీద ఆ కుర్చీ తప్ప నాకు వేరే ఏ సరదా లేదు, వేరే ఏ గర్వమూ లేదు. దాన్ని ఎవరికో అప్పగించి కింద కూర్చుని చప్పట్లు కొట్టే రకం కాదు నేను.

ఎచ్చెర్లలో చదువుకునే రోజుల్లో కొన్న ల్యాప్‌టాప్ నా దగ్గరుంది. అందులో వయొలిన్లు, ఫ్లూటు, హార్మోనియం, అన్నీ సాఫ్ట్‌వేరు వాయిద్యాలుగా పెట్టుకున్నాను. ఇంట్లో వాటిని ఒక పెద్ద రికార్డింగు ప్రోగ్రాంలో తెరిచి వాయించేదాన్ని. అది స్టూడియో మొత్తం. తెరుచుకోవడానికే బోలెడంత సేపు పట్టేది. తెరుచుకున్నాక సేవ్ చెయ్యనా, మానెయ్యనా అని ప్రశ్నలు. స్టేజీ మీద దానితో పని చెయ్యడమంటే, ఒక టీ పెట్టడానికి పెళ్ళి వంటశాల అంతా మోసుకెళ్ళడమే. వెతగ్గా వెతగ్గా ఒక చిన్న ప్రోగ్రాం దొరికింది. అది రికార్డు చెయ్యదు, కత్తిరించదు, అతికించదు. వాయిద్యాలను తెరిచి పట్టుకుంటుంది, నేను మెట్టు నొక్కితే పలికిస్తుంది, అంతే. ఒక్కో పాటకు ఒక్కో పేజీ కట్టుకున్నాను. కాలి కింద పెడలు నొక్కితే పేజీ తిరుగుతుంది. మెట్ల కోసం సొంత శబ్దం లేని చిన్న కీబోర్డొకటి కొన్నాను.

దాన్ని మావకు చూపిస్తే కళ్ళజోడు పైకి నెట్టుకుని చూశాడు.

"ఏటే ఇది? సిన్నపిల్లల బొమ్మలాగున్నాది. సౌండెక్కడ?"

"ల్యాప్‌టాప్‌లో, మావా."

"అలగైతే జనం ఏటనుకుంటారు? పాట పెట్టీసి సేతులాడిస్తన్నాదనుకుంటారు."

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. అప్పట్లో కొన్ని ఆర్కెస్ట్రాలు సీడీ పెట్టేసి స్టేజీ మీద పెదవులు కదిపేవి. 'సీడీ ఆర్కెస్ట్రా' అనిపించుకోవడం కంటే తలవంపు ఇంకోటి లేదు మా వాళ్ళకు.

"ఒక్క పోగ్రాం సూస్తాను. మజ్జిలో తేడా వచ్చినాదంటే నువ్వు దిగిపో. విజయనగరం ఆయన్ని పిలిసెస్తాను" అన్నాడు.

"రాదు మావా."

"వస్తే?"

"రాదంటన్నాను కదా!"

రాదని నాకు తెలుసు. నెట్ తీసేశాను. అప్‌డేట్లు, వైరస్ కాపలా, స్క్రీన్ సేవరు, అడ్డొచ్చేవన్నీ ఆపేశాను. అన్నిటికంటే బరువైన వాయిద్యాలు తెరిచి, మేడ మీద మే నెల ఎండలో బల్ల వేసుకుని, నా మాడు పేలిపోయేదాకా వాయించాను. నేను డీలా పడ్డానుగానీ ల్యాప్‌టాప్ పడలేదు. మా అమ్మ మాత్రం పిల్లకు పిచ్చెక్కిందని వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసింది.

ప్రోగ్రాం కళింగపట్నం దగ్గర ఒక చేపల రేవులో. అమ్మవారి పండగ. ఇసకలో స్టేజీ కట్టారు. పొద్దు వాలుతుండగా కమిటీ వాళ్ళు మావను ముందుకు పిలిచి శాలువా కప్పారు. తర్వాత మావ ఒక్క ఢోలక్ తోడుగా ప్రార్థన పాడాడు. దానికి కీబోర్డు అక్కర్లేదు గనక నేను ల్యాప్‌టాప్‌ను బల్ల మీదే వదిలి జనరేటరు దగ్గరకు వెళ్ళి, మా వైరు సరిగ్గా తగిలించారో లేదో చూసుకుని వచ్చాను. వచ్చేసరికి మొదటి పాట మొదలెట్టమని సైగ చేశాడు. ఆ హడావిడిలోనే కూర్చుని మొదలెట్టాను.

వయొలిన్లు పలికాయి. ఫ్లూటు పలికింది. ముందు వరసలో ఒక ముసలాయన కూర్చుని పాట వినడం మానేసి నా చేతుల వంకే చూస్తున్నాడు. చూడు తాతా, బాగా చూడు అనుకున్నాను. రెండో పాట అయింది. మూడోది మంచి ఊపులో ఉండగా స్పీకర్లలో పటపటమని చప్పుడు. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు. వయొలిన్లు ముక్కలు ముక్కలుగా వచ్చాయి.

"సీడీ గీసుకుపోనాదిరోయ్!" అని అరిచాడు ముసలాయన. రేవంతా ఒకటే నవ్వు.

మావ పాడుతూనే నా వంక తిరిగాడు. ఆ చూపులో విజయనగరం కనబడింది నాకు.

నేను కంగారు పడలేదు. పెడలు నొక్కి ఆఖరి పేజీకి వెళ్ళిపోయాను. ఇలాంటి ఆపదకే అక్కడ ఒంటి హార్మోనియం దాచుకున్నాను. ఆ పేజీలోకి వెళితే మిగిలిన వాయిద్యాలన్నీ పడుకుంటాయి, మిషనుకు పని తగ్గుతుంది. పాట ఆగలేదు. అయినా చిటపట పూర్తిగా పోలేదు. ఎడం చెయ్యి ల్యాప్‌టాప్ మీద వేసి చూస్తే పెనంలా కాలుతోంది. మే నెల ఎండకు కాగనిది సముద్రపు గాలికి కాగడమేమిటని నాకు ఒళ్ళు మండింది. ఒక పక్క ఎత్తి చూశాను.

కింద శాలువా. జరీ అంచుది, బాగా మందమైనది, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఇందాక కమిటీ వాళ్ళు మావకు కప్పినది.

చరణానికి ముందు ఢోలక్ వాయించే జాగాలో మావను కళ్ళతోనే పిలిచాను. వచ్చాడు.

"ఎవులెట్టారు మావా ఇది?"

"నానే. వాయిద్దేన్ని ఉత్త బల్ల మీద పెడతారేటే?"

మావ సంగతి నాకు తెలియనిది కాదు. హార్మోనియమైనా, తబలాలైనా కింద గుడ్డ పరవకుండా పెట్టనిచ్చేవాడు కాదు. బొమ్మ అని వెక్కిరించిన నా ల్యాప్‌టాప్‌కు, నేను పక్కకు వెళ్ళిన ఆ కాస్త సేపట్లో, తనకు జరిగిన సన్మానాన్నే తీసి పరిచాడు. నాకు కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"అది కిందనుంచే ఊపిరి పీలుస్తాది మావా! ఊపిరాడక సస్తన్నాది!"

మావ శాలువా లాగి భుజాన వేసుకున్నాడు. ఇక బల్ల మీదే ఉండనియ్యి అని నేను అనేలోగా ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. వైర్లు వేలాడుతున్నాయి. మైకు స్టాండును కాలితో దగ్గరకు లాక్కుని, అలాగే నిలబడి చరణం అందుకున్నాడు. కింద నుంచి గాలి తగిలింది. చిటపట తగ్గింది, కాసేపటికి పోయింది. నేను పెడలు నొక్కి పాత పేజీకి వచ్చాను. వయొలిన్లు మళ్ళీ లేచాయి.

పాట అయ్యేసరికి ముసలాయన స్టేజీ అంచుకు వచ్చేశాడు.

"ఏదీ, సెయ్యి తియ్యమ్మా" అన్నాడు.

తీశాను. నిశ్శబ్దం.

"ఎట్టు."

పెట్టాను. ఫ్లూటు పలికింది. ఆయన నాతో ఆ పని ఇంకోసారి చేయించి, జనం వైపు తిరిగి, "సీడీ కాదురా, సెయ్యే!" అని ప్రకటించాడు. అప్పుడు కొట్టారు చప్పట్లు.

మావ ఇంకా ల్యాప్‌టాప్ పట్టుకునే ఉన్నాడు. అన్నాళ్ళూ స్టేజీ మీద నన్ను 'మా మేనకోడలండి, సరదాకి వాయిస్తాది' అనే పరిచయం చేసేవాడు. ఇప్పుడు మైకు దగ్గరకు వంగాడు.

"కీబోర్డు మీద మా ఆర్టిస్టు" అన్నాడు. తర్వాత నా వంక తిరిగి, "ఈ కుర్సీలోకి ఇంకెక్కడినుంచీ ఎవులూ రారు" అన్నాడు. రేవు వాళ్ళకు ఆ రెండో మాట అర్థమై ఉండదు. అది వాళ్ళకు చెప్పింది కాదు.

నా కళ్ళు నిండిపోయి మెట్లు మసకగా కనిపించాయి. తర్వాతి పాటకు పెడలు నొక్కి, "మావా, ఇంక బల్ల మీద పెట్టెయ్, ఏటీ అవదు" అన్నాను.

"నువ్వు వాయించవే" అన్నాడు మావ. "బరువేటి లేదు."