సార్ చేయించిన జొన్నచేను ఆట

మా సివిక్స్ సార్ పోయారని పోయిన నెల ఫోన్ వచ్చింది. పొద్దున చాయ్ తాగి, గుండెలో మంటగా ఉందన్నారట. జహీరాబాద్ దవాఖానకు చేరేలోపే అయిపోయింది. నేను ఫోన్‌లో ఆడే ఆటలు తయారుచేసే ఉద్యోగం చేస్తాను. ఆ పూట పని పక్కన పెట్టి ఏడ్చాను.

సర్కారు బడిలో సార్ తన కుర్చీలో కూర్చోగా నేను చూడలేదు. రోజుకొకరిని అందులో తహసీల్దారుగా కూర్చోబెట్టి, మిగతావాళ్ళను ఊరికి నీళ్ళు అడగమనేవారు. "అడుగుడు రానోనికి ఓటు ఏసుడొచ్చి ఏం ఫాయిదా?" అనేవారు. నా వంతు వచ్చినప్పుడు కుర్చీ ఎక్కగానే ఎంత పొగరొచ్చిందంటే, నా బెంచీలో కూర్చునే స్నేహితురాలినే రేపు రమ్మన్నాను. సార్ పడీ పడీ నవ్వారు.

రిటైరయ్యాక న్యాల్‌కల్ దగ్గర తమ ఊళ్ళో చేను చూసుకునేవారు. నల్లరేగడి. మా వైపు అలాంటి నేలలో వానాకాలం ఏమీ వేయరు. నేల కడుపునిండా వాన తాగాక, చలికాలంలో యాసంగి పంటగా జొన్న వేస్తారు. ఫ్యాక్టరీల కోసం భూములు చూడటానికి వచ్చిన అధికారి సరిగ్గా వానల్లో వచ్చాడు. చేను ఖాళీగా కనిపించింది. బీడు అని రాసుకుని వెళ్ళిపోయాడు. బీడు అని రాశాక ముందు పోయేది ఆ చేనే. సార్ అర్జీ మీద అర్జీ పెట్టారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది.

అప్పుడు హైదరాబాద్‌లో నా గది వెతుక్కుంటూ వచ్చారు. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టారు. "అర్జీ ఎవ్వరు చదువుతలేరు బిడ్డా. ఆటైతే ఆడుతరేమో. మా చేను మీద ఒకటి చెయ్యి."

నేను ఉత్సాహంగా ఎర్రకళ్ళు, బారెడు మీసాలు పెట్టి అధికారి బొమ్మ గీశాను. వాణ్ణి తరిమితే గెలుపు. సార్ మొహం చిట్లించారు.

"ఆయన దుర్మార్గుడు కాదమ్మా. వానలల్ల వచ్చిండు, గంతే. గా మీసాలు తీసెయ్. ఆడేటోన్నే అధికారిని చెయ్యి."

"మరి విలన్ ఎవరు సార్?"

"విలన్ ఎందుకమ్మా? తప్పు ఆడేటోడే చెయ్యాలె, తన వేలితోని. అప్పుడైతే యాదికుంటది."

అలాగే చేశాను. వాన పడుతుంటుంది. ఎదురుగా నల్లటి చేను. పంట ఉంది, లేదు అని రెండు బటన్లు. అందరూ లేదనే నొక్కుతారు. వాన వెలిసి జొన్న మొలుస్తుంది, ఏపుగా పెరుగుతుంది. దాని మీదుగా బుల్డోజర్ పోతుంది. ఆపడానికి బటన్ ఉండదు. సార్ మాత్రం చిన్న తెర మీద వేలు ఎక్కడో పెట్టి, తన చేను తనే పోగొట్టుకుని నాలుక కరుచుకునేవారు. నేను చేసినవాటిలో గర్వంగా చెప్పుకోగలిగిన ఆట అదొక్కటే. అది సార్ పెట్టిన భిక్ష.

భూముల మీద పెట్టిన గ్రామసభకు నన్నూ తీసుకెళ్ళారు. అందరూ అరుస్తుంటే సార్ గొంతు పెంచలేదు. అధికారికి చాయ్ ఇప్పించి, ఫోన్ చేతిలో పెట్టారు. "జర ఆడుండ్రి సారూ, టైంపాస్ అయితది." అతను లేదు అని నొక్కాడు. బుల్డోజర్ పోయింది. మళ్ళీ మొదటినుంచి ఆడాడు. ఈసారి వేలు బటన్ దగ్గర ఆగిపోయింది. తలెత్తి, "యాసంగిల మళ్ల వస్త సార్," అన్నాడు. తిరిగి వస్తుంటే సార్ నా భుజం తట్టారు.

"అర్జీ చదివిండు బిడ్డా."

సార్ దినాలు అయిన మర్నాడు, అన్నట్టే ఆ అధికారి చేను చూడటానికి వచ్చాడు. నేనూ, మేమంతా అమ్మా అని పిలిచే సార్ భార్యా గట్టు మీద నిలబడ్డాం. జొన్న మనిషిని మించి పెరిగింది. కొలుచుకుంటూ లోపలికి వెళ్ళినవాడు కాసేపటికి కనిపించకుండా పోయాడు.

"ఎటు రావాలమ్మా? ఏం కనబడ్తలేదు!" అని లోపలినుంచి కేక.

అమ్మ కళ్ళు తుడుచుకుని, కొంగు నడుముకు దోపి, చప్పట్లు కొట్టసాగింది.

"చప్పుడు దిక్కు రాండ్రి సారూ! మెల్లగ... కంకులు పైలం!"

చేను మధ్యలో ఒకచోట కంకులు ఊగాయి. ఆ ఊపు చప్పట్లు వింటూ వింటూ మా వైపు కదిలింది.