జామతోట కాగితాలు, తాత బొటనవేలు

మొన్న మా చిన్నోడు ఆఫీసు నుంచి వస్తూ ఒక రంగుల కాగితం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నెక్కొండ దారిలో కొత్తగా ప్లాట్లు వేస్తున్నారట, తోటివాళ్లందరూ తీసుకుంటున్నారట, నన్నూ ఒకసారి చూడమన్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే, ఏదో ఇంగ్లీషు పేరు పెట్టి గీతలు గీసి నంబర్లు వేసిన ఆ నేల నాకు తెలిసిన నేలే. అది మా జామతోట. పాత కాగితాలు ఉన్నాయేమో అడిగావా అన్నాను, అలవాటు కొద్దీ. వాడు నవ్వి, ఫోను మీద నాలుగుసార్లు వేలు ఆడించి నా ముందు పెట్టాడు. "అంతా క్లియర్ ఉన్నదమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు. తెర మీద ఒక పేరు, ఒక నంబరు, ఇన్ని గజాలు అన్న లెక్క ఉన్నాయి. ఇంకేమీ లేదు. ఆ నేల కాగితాల వెంట ఒక ఎండాకాలమంతా తిరిగిన మనిషిని నేను. ఆ నేల గురించి చెప్పడానికి అంత చిన్న తెర చాలుతుందని నాకు నమ్మకం కలగలేదు.

డెబ్బైల చివరి మాట ఇది. పదో తరగతి లెక్కల్లో తప్పి, మళ్లీ కట్టే ధైర్యం లేక, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఊరివాళ్ల జాకెట్లు, లంగాలు కుట్టేదాన్ని. సాయంత్రం కాగానే రెండు మైళ్లు నడిచి నెక్కొండ లైబ్రరీకి పోయేదాన్ని. రెండు గదులు, నాలుగు బీరువాలు, కిర్రుమనే ఒక బెంచీ, ఇదీ ఆ లైబ్రరీ. నా వయసువాళ్లకు అలాంటి గది ఒకటి ఎక్కడో గుర్తుండే ఉంటుంది, దాని వాసనతో సహా. బీరువాలు వరసపెట్టి చదివాను. కథల పుస్తకాలు అయిపోయాక వైద్యం, వైద్యం అయిపోయాక తేనెటీగల పెంపకం, చివరికి అడుగు అరలో ఎవరూ ముట్టని, తెలుగు వాళ్లకు ఉర్దూ నేర్పే ఒక చిన్న పుస్తకం మిగిలింది. అదీ వదల్లేదు. ఏడాది తిరిగేసరికి అక్షరాలు కూడబలుక్కుని, ఆ పైన గొలుసుకట్టు రాతను కూడా కొంత పట్టుకున్నాను. బడి తప్పించిన పిల్లను లైబ్రరీ పాస్ చేసిందని నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఆ గర్వం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే జరిగిందంతా దానివల్లనే.

మా చిన్నతనంలోనే నాన్న పోతే మమ్మల్ని పెంచింది ఆయన అన్న, మా పెద్దబాపు. జామతోట ఆయన చేతి కింద ఉండేది. పద్దెనిమిది ఎకరాలు, మధ్యలో పెంకుల బంగళా, వెనక మోటబావి, బావి పక్కన ఆనుకుని రెండు చిన్న గదులు. మా తాత ఆ తోటను తహసీలు కచేరీలో గుమాస్తాగా చేసిన ఒక ముసల్మాను దగ్గర కొన్నాడు. కొన్న రెండేళ్లకే తాత పోయాడు, ఆ తర్వాత కొద్దికాలానికి గుమాస్తా కూడా పోయాడు. కానీ గుమాస్తా కూతురు మాత్రం బావి పక్క గదుల్లోనే ఉండిపోయింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి ఒక కాలు పడిపోయిందట, పెళ్లి కాలేదు. ఊరంతా ఆమెను ఖాలా అనే పిలిచేవాళ్లు, అంటే చిన్నమ్మ అని. పెద్దబాపు కూడా అలాగే పిలిచేవాడు. బావి ఒడ్డున ఉన్న పది జామచెట్లు ఆమెవి. ఎందుకు ఆమెవి అని ఎవరూ అడిగిన గుర్తు లేదు. కాయలకాలంలో గంపతో రైలెక్కి వరంగల్ పోయి అమ్ముకొచ్చేది, మిగిలినవి మా పిల్లల జేబుల్లోకి వచ్చేవి.

ఆ ఏడు బావి పూర్తిగా అడుగంటింది, బంగళా కప్పు ఒకవైపు కూలింది. వరంగల్‌లో రైస్‌మిల్లు ఉన్న ఒకాయన తోట కొంటానన్నాడు. అయితే నేల ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో మొదటి నుంచి కాగితాలు చూపించాలన్నాడు. ఆ కాగితాలన్నీ నిజాం కాలపు ఉర్దూవి. పెద్దబాపు నేరుగా నా మిషను దగ్గరికి వచ్చి, "లైబ్రరీల ఉన్న బుక్కులన్నీ మింగినవ్ గదనే, ఇగ జర మనింటి పని జెయ్" అన్నాడు. అంతకు ముందు నన్ను చూసినప్పుడల్లా పుస్తకాల పురుగని ఎగతాళి చేసిన మనిషి అలా అడిగేసరికి, ఆ రోజు అన్నం సరిగా తినలేకపోయాను, సంతోషంతో.

ఎండాకాలమంతా అదే పని. పొద్దున రైలుకు నెక్కొండలో ఎక్కి వరంగల్‌లో దిగి, పాత రికార్డులున్న కచేరీలో నకళ్ల కోసం వరుసలో నిలబడేదాన్ని. లోపలి గుమాస్తాలు ఆడపిల్ల ఉర్దూ కాగితం అడగడం వింతగా చూసేవాళ్లు. ఒకాయన అయితే కావాలనే కాగితాన్ని తలకిందులుగా ఇచ్చి, నేను తిప్పుకుని చదవడం చూసి, "చాయ్ తాగుతవా బిడ్డా" అని తన గ్లాసు నా వైపు జరిపాడు. అలా ఒక్కొక్క మెట్టే కిందికి దిగాను. మా తాతకు గుమాస్తా అమ్మాడు, గుమాస్తాకు శిస్తు గుత్తకు పట్టిన ఒక మక్తాదారు అమ్మాడు, మక్తాదారుకు నిజాం సర్కారు నుంచి ఇనాముగా వచ్చింది. ఎవరో జామ మొక్కలు నాటించినట్టు, ఎవరో బావికి రాతికట్టు కట్టించినట్టు ఆ కాగితాల్లోనే తెలిసింది. నేను ఆడుకున్న నేల మీద నాకంటే ముందు ఇంతమంది నడిచారని తెలిసి, తిరుగు రైల్లో కిటికీ పక్కన కూర్చుని నాలో నేనే పొంగిపోయేదాన్ని.

కచేరీ కాగితాల మీద ఉండేది ఫసలీ సంవత్సరం, నిజాం సర్కారు శిస్తు లెక్కలకు వాడినది. దానికి ఐదు వందల తొంభై కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను. లెక్కల్లో తప్పినదాన్ని కదా, ఈ ఒక్క లెక్క మాత్రం నోటికి పెట్టుకున్నాను.

జూన్ మొదట్లో ఒక పొద్దున మిల్లాయన వచ్చాడు. బంగళా అరుగు మీద పెద్దబాపు, ఊరి పెద్దలు ఇద్దరు, కాగితాలతో నేను. తోట ఖాళీగా అప్పగించాలని మిల్లాయన అంటే, బావి పక్క గదుల మాట వచ్చింది. ఖాలాను పిలిపించారు. ఆమె కాలీడ్చుకుంటూ వచ్చి, ఖురాన్ చుట్టే పచ్చని గుడ్డసంచి లోంచి ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది. "మా అబ్బా రాయించిన కాగితం బిడ్డా. నాకు ఖురాన్ సదవొస్తది గని గీ రాత రాదు. నువ్వు సదువు" అంది.

చదివాను. ఈ రెండు గదులు, పది చెట్లు తన కూతురికి బతికున్నంతకాలం వదలాలని గుమాస్తా అడిగినట్టు, మా తాత ఒప్పుకుని వేలిముద్ర వేసినట్టు ఉంది. కింద సంవత్సరం ఉంది. అది అమ్మకం కాగితం మీది సంవత్సరం కంటే తొమ్మిదేళ్లు ఎక్కువ. పెన్సిలు తీసి, అందరూ చూస్తుండగా ఐదు వందల తొంభై కలిపాను. తాత పోయాక ఏడేళ్లకు రాసిన కాగితమని తేలింది. తేలిన మాటను నాలోనే ఉంచుకోవచ్చు, పెద్దబాపును పక్కకు పిలిచి చెప్పవచ్చు. కానీ నాకు వచ్చిన విద్యను నలుగురి ముందు చూపించే తొందర నాది. గట్టిగా చెప్పాను.

అరుగు మీద ఎవరో నవ్వారు. "సచ్చినోడు లేచొచ్చి నిషానీ ఏసిండా ఖాలా?" అన్నాడు పెద్దబాపు. అందులో కోపం లేదు, చిక్కు వీడిందన్న తేలికదనమే ఉంది. నేను తిరిగిస్తున్న కాగితాన్ని ఖాలా తీసుకోలేదు. "అబద్ధపు కాగితం నాకెందుకు బిడ్డా, నీ తాననే ఉండనీ" అని, ఖాళీ గుడ్డసంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. మూడోనాడు గదులకు తాళం వేసి, తాళపుచెవి మా గుమ్మానికి తగిలించి, వరంగల్ స్టేషను వెనక ఉన్న తమ్ముడి కూతురి ఇంటికి పోయింది.

వానలు పడ్డాయి. నాట్లు మొదలయ్యాయి. ఒకరోజు మా ఊరి ముసల్మాను ఆడమనిషి ఒకామె పిల్లల గుడ్డలు తెచ్చి, "షాబాన్ సగమైపాయె, ఇంక పదిహేను రోజులల్ల రంజాన్ నెల మోపైతది, జల్ది కుట్టియ్యి పిల్లా" అని పడేసి పోయింది. మిషను చక్రం తిప్పుతున్న నా చెయ్యి ఆగింది. షాబాన్. ఖాలా కాగితం కింద సంవత్సరం పక్కన ఉన్న మాట అదే. ఆ రోజు నేను నెల పేరు చదివాను కానీ పట్టించుకోలేదు. కచేరీ కాగితాల మీద నెలలు దై, బహమన్, ఫర్వర్ది అని వేరే పేర్లతో ఉండేవి.

గుడ్డలు అలాగే వదిలేసి లైబ్రరీకి పరుగెత్తాను. లైబ్రరీ సారు పాత సంవత్సరాల పట్టికలున్న లావు పుస్తకం తీసిచ్చాడు. వేలు పెట్టి గీత వెంట గీత చూసుకుంటూ పోయాను. ఖాలా కాగితం మీది సంవత్సరం ఫసలీ కాదు, హిజ్రీ. ముసల్మానులు ఇంటి పనులకు వాడుకునే చాంద్రమాన లెక్క. దానికి ఐదు వందల తొంభై కలపకూడదు. సరిగ్గా చూస్తే ఆ షాబాన్ నెల, అమ్మకం కాగితం మీది ఫర్వర్ది నెల ఒకదాని మీద ఒకటి పడ్డాయి. తేదీలు కూడా కలిశాయి. రెండు కాగితాలూ ఒకే రోజు రాసినవి. గుమాస్తా కచేరీ కాగితాన్ని కచేరీ లెక్కలో, కూతురి కాగితాన్ని ఇంటి లెక్కలో రాసుకున్నాడు. అంతే జరిగింది. ఆ కిర్రుమనే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. సారు కిటికీ తలుపు వేసి వెళ్లాడు.

పెద్దబాపు మొదట వినలేదు. "పోయినామె పోయింది. మిల్లాయనకు మాటిచ్చిన. ఇప్పుడెందుకు తవ్వుతవ్?" అన్నాడు. నేను లెక్క మళ్లీ చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. నా లెక్క మీద నమ్మకం ఆయనకే కాదు, నాకూ పోయింది. అందుకని మా ఇంటి పెట్టెలోని అసలు అమ్మకం కాగితాన్ని, ఖాలా కాగితాన్ని పక్కపక్కన పరిచాను. రెండింటి కిందా తాత వేలిముద్రలు. రెండింటిలోనూ గీతల మధ్య నుంచి ఏటవాలుగా ఒక తెల్లని కోత. ఆయన వంగి చాలాసేపు చూశాడు. తర్వాత తన బొటనవేలిని ఆ కోత మీద, తాకీ తాకకుండా పెట్టాడు. "మా బాపుకు కొడవలితోని తెగింది. ఈ ఏలు పట్టుకునే నేను బడికి పోయిన" అన్నాడు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. ఆ గొంతు మాత్రం నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

మర్నాడు ఇద్దరం రైలెక్కాం. స్టేషను వెనక ఇరుకు గల్లీలో, నల్లా పక్కన ఖాలా గిన్నెలు తోముకుంటూ కనిపించింది. పెద్దబాపు గడప మీద కూలబడ్డాడు. నేను తప్పు చదివానని చెప్పాను. ఎలా తప్పిందో చెప్పబోతే ఆమె ఆపింది. "గవన్ని నాకెందుకు బిడ్డా. మా అబ్బా అబద్ధం రాయలేదు గదా?" అంది. లేదన్నాను. "గయితే గా మాట గా అరుగు మీదనే చెప్పు. గాళ్లందరి ముందలనే" అంది.

చెప్పాను. ఆ అరుగు మీదే, మిల్లాయన ముందు, నవ్విన మనిషి ముందు, ఖాలాను కుర్చీలో కూర్చోబెట్టి, నేను నిలబడి చెప్పాను. జీవితంలో ఎన్నో చదివాను కానీ అంత గట్టిగా ఏదీ చదవలేదు. మిల్లాయన మంచివాడు, తోట తీసుకుని, ఆ రెండు గదులు, పది చెట్లు ఆమెకు వదిలేసే కాగితం రాసిచ్చాడు. అయినా ఖాలా తిరిగి రాలేదు. నల్లా దగ్గరుంది, పిల్లలున్నారు, బావికాడికి ఇక నడవలేను అంది. కాయలకాలంలో మాత్రం వచ్చి రెండు రోజులు ఉండి, గంప నింపుకుని పోయేది. ఎనభైల మధ్యలో ఒక ఏడు రాలేదు. ఆ ఏడు కాయలు చెట్ల కిందే రాలాయి.

మా చిన్నోడి ఫోనులో ఆ పది చెట్లు ఏ నంబరు కింద పడ్డాయో వెతికాను, దొరకలేదు. వెనకటి పహాణీల్లో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకాల్లో, పట్టాదారు ఎవరో, నేలను అనుభవిస్తున్నది ఎవరో వేరువేరుగా రాసేవాళ్లు. ఇప్పుడు రెండో దానికి చోటు లేదు. రెండు నిమిషాల్లో అంతా తెలిసిపోతుంది, ఎవరూ రైలెక్కనక్కరలేదు, తప్పు చదవడానికి ఏమీ ఉండదు. తప్పు చదివానని ఎవరి గడపకూ పోనక్కరలేదు. ఇది మంచిదే కావచ్చు. వాడికి ప్లాటు తీసుకోమనే చెప్పాను. రిజిస్ట్రేషన్ అయ్యాక ఒక జామ మొక్క పెట్టమన్నాను. వాడు నవ్వి, "కాయలు ఎవరు తింటరమ్మా?" అని అడిగాడు. ఖాలా కాగితం నా పెట్టెలో, ఆమె పోయాక తమ్ముడి కూతురు నాకు పంపిన పచ్చని గుడ్డసంచిలో ఉంది. ఆదివారం వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చదివి వినిపించాలి, ఈసారి నెల పేరుతో మొదలుపెట్టి.