తాడు కట్టి కోసిన డురాంటా

నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు, ఒక ఏడు మా తాత కంచె కోసే పెద్ద కత్తెరను దాచింది నేనే. మొన్న మార్కాపురం నర్సరీలో నడుమెత్తు డురాంటా మొక్కలను ఒక్క కాయ కూడా లేకుండా బల్లపరుపుగా కోసి అమ్మకానికి పెట్టడం చూశాక, ఇంక దాచి లాభం లేదనిపించింది.

తర్లుపాడు దగ్గర మా ఊరి చర్చి చుట్టూ అప్పట్లో డురాంటా కంచె ఉండేది. దాన్ని చూసుకునేది ఆ తాతే, మా అమ్మ తండ్రి. జీవితమంతా పలకల ఫ్యాక్టరీలో అంచులు కోసిన మనిషి కాబట్టి, నెలకోసారి రెండు కట్టెలకు తాడు బిగించి, కంచెను కూడా పలక అంచులాగే తిన్నగా కోసేవాడు. కొత్త కొమ్మల చివర్లలోనే పూత వస్తుందని లైబ్రరీ పుస్తకంలో చదివాను. మా కంచెకు ఆ చివర్లు ఎప్పుడూ మిగలలేదు. ఆ మాట నోరు తెరిచి చెప్పలేక, వానలు మొదలవగానే కత్తెరను నా ట్రంకుపెట్టెలో పుస్తకాల కింద పెట్టేశాను.

తాత వెతికి వెతికి ఊరుకున్నాడు. కొమ్మలు సాగి వంగాయి, ఊదారంగు పూలు పూశాయి, వాటి వెనకే పసుపుపచ్చ కాయలు గుత్తులుగా వేలాడాయి. తింటే కడుపు చెడుతుందని సండేస్కూలు పిల్లలకు వారం వారం చెప్పింది నేనే. అంతకుముందు వాళ్లు నా గొంతే విని ఎరగరు.

క్రిస్మస్‌కు సున్నం వేసేరోజు సంఘపెద్ద కంచె చూసి, "ఏందయ్యా ఇది, క్షవరం లేని సన్నాసి మాదిరి! పీకి పారెయ్" అన్నాడు. తాత పక్కింటి గొడ్డలి తెచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"పీకొద్దు తాతా. దాన్ని నేను పెంచినా."

"నీకు మాటలొచ్చా అమ్మే?" అని సంఘపెద్ద నవ్వాడు.

"వచ్చు" అన్నాను. గొడ్డలికీ కంచెకూ మధ్య నుంచి కదల్లేదు.

తాత ఒక గుత్తిని బొటనవేలితో తడిమి చూసి, "ఇన్నేండ్లు కాయనీకుండా చేసింది నేనేనేమో పెద్దయ్యా. ఉండనీ, పండగ దీంతోనే చేసుకుందాం" అన్నాడు.

ఇప్పుడు కంచె పోయి ప్రహరీగోడ వచ్చింది, నేలంతా టైల్స్ పరిచారు. మూలనున్న ఒక్క మొక్కే మిగిలింది. దాన్నీ తీసేస్తామంటే సంఘం మీటింగులో లేచి కాదన్నాను, మళ్లీ అంటే మళ్లీ లేస్తాను. నేనింత మాట్లాడడం తాత చూడలేదు. నీళ్ల ట్యాంకరు రెండు రోజులకోసారి మాత్రమే వచ్చిన ఒక ఎండాకాలం, మంచం పట్టిన ఆయనకు గ్లాసుతో నీళ్లు తీసుకెళ్తే, రెండు గుక్కలు తాగి మూతి పక్కకు తిప్పుకుని నాతో అన్న ఆఖరి మాట ఇది: "నాకు చాలమ్మే. పోయి ఆ కంచెకు పొయ్."