దక్షిణం వాకిలి

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఆ జ్ఞానమంతా తరువాత ఎక్కడ పారేసుకున్నానో తెలియదు గానీ, అప్పట్లో మాత్రం నడిచే దారిలో కూడా కారిపోతూ ఉండేది. చిత్తూరులో మా హేతువాద బృందం అంటే మొత్తం ఆరుగురం (అందులో ఒకడు పరీక్షల వారంలో మాత్రం గుడి వీధి గుండా నడిచేవాడు, మేము చూడనట్టు ఉండేవాళ్ళం). ప్రతి ఆదివారం టీకొట్టు వెనక చేరి దేవుణ్ణీ, దయ్యాన్నీ, జాతకాలనూ వరుసగా ఓడించేవాళ్ళం. వాటి తరఫున మాట్లాడేవాడు ఒక్కడూ రాకపోవడం వల్ల గెలుపు సులభంగానే దొరికేది.

ఆ ఏడు మాకు లెక్కలు చెప్పిన సారు మునిసిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి కౌన్సిలరుగా నిలబడ్డారు. ఆయన వాగ్దానం ఒక్కటే. ఊరి చివర గుడిసెల్లో ఉన్న నలభై కుటుంబాలకు అక్కడే పక్కా ఇళ్ళు. అవి కూడా ఇష్టమొచ్చినట్టు కాదు. ముందు రోడ్డు, కాలువ, ఆ తరువాతే గోడలు. ప్లాను కూడా గీయించారు. ఇళ్ళన్నీ ఒకే వరుస, వాకిళ్ళన్నీ దక్షిణానికి, అటువైపే కొత్త రోడ్డు. పోటీకి దిగిన ఇటుకల బట్టీ ఆయన మాత్రం "నేను గెలిస్తే అందరికీ తూర్పు వాకిలే" అని మైకులో చెప్పించడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. గుడిసెలవాళ్ళు కూడా దక్షిణం వాకిలి వద్దంటున్నారని తెలిసి సారు నా చేతికి ఒక నోటుపుస్తకం ఇచ్చారు. "రేయ్, ఇల్లిల్లూ తిరిగి ఎందుకొద్దంటా ఉండారో రాసుకోని రా. ప్లాను ఆఫీసులో ఇచ్చేలోపల మార్చాల్సిందుంటే మారుస్తాం" అన్నారు. పేరు, ఇంట్లో ఎంతమంది, అభ్యంతరం అని మూడు గడులు ఆయనే గీసి పెట్టారు.

మొదటి గుడిసె బోండాల అక్కది. నేను పుట్టకముందే ఐరాల పక్కనుంచి వచ్చి స్థిరపడి, బస్టాండు దగ్గర బోండాలు వేసి అమ్మేది. ఆ గుడిసెల్లో ఆమె మాటే మాట.

"అక్కా, దక్షిణం వాకిలి ఎందుకొద్దు?"

"వద్దప్పా. ఆ పక్కనించి వస్తాది."

'ఏది?' అని అడిగి ఉంటే సరిపోయేది. నేను అడగలేదు. దక్షిణం అనగానే నాకు యముడు కనిపించాడు (నమ్మనివాడికే ఆయన అంత తొందరగా కనిపించడం విచిత్రం).

"దున్నపోతు మీద వస్తుందా, నడిచి వస్తుందా?" అన్నాను. చుట్టూ చేరినవాళ్ళు నవ్వారు.

"నవ్వులాట కాదప్పా. ఆ యేడు వచ్చి మా రెండు మేకల్ని ఎత్తకపొయ్యింది. నేను సూస్తానే ఉండా."

"ఓహో, మాంసం తినే రకమన్నమాట!"

"తినేదేందప్పా? యాడో ముండ్లకంపలో తగులుకోని..."

ఇక ఆగలేకపోయాను. ఆమె రుబ్బురోలు ఎక్కి నిలబడి అరగంట ఉపన్యసించాను. భూమి గుండ్రంగా ఉందన్నాను. దక్షిణ ధ్రువం మీద ఇల్లు కట్టుకుంటే ఏ వాకిలైనా ఉత్తరానికే ఉంటుందన్నాను. చప్పట్లు పడ్డాయి. బోండాల అక్క మాత్రం, "నువ్వు దిగితే పిండి రుబ్బుకోవల్లప్పా" అంది. దిగాక, "సదువుకున్నోడివి, నీతో యాడ మాట్లాడేది" అని గుండ్రాయి పట్టుకుంది. దాన్ని నేను ఓటమిని ఒప్పుకోవడం కింద జమ చేసుకున్నాను. అభ్యంతరం గడిలో 'వాస్తు' అని రాసి, మిగిలిన ముప్పై తొమ్మిది ఇళ్ళకూ 'పైదే' అని గుర్తులు పెట్టేశాను.

"అందర్నీ అడిగినావా?" అన్నారు సారు. "అడిగినాను సార్. అందరిదీ ఒకటే జబ్బు" అన్నాను. ఆయన నన్ను నమ్మారు. ఎన్నికల్లో గెలిచారు. ప్లాను మారలేదు. నలభై ఇళ్ళూ దక్షిణానికి ముఖం పెట్టి నిలబడితే, మూఢత్వం మీద విజ్ఞానం గెలిచిందని నేను వ్యాసం రాశాను.

రెండో ఏడు కార్తీక మాసంలో వారం రోజులు వాన ఆగలేదు. ఆ ఇళ్ళకు దక్షిణాన ఒక చెరువు ఉంది. నాకు ఊహ తెలిశాక అందులో తుమ్మచెట్లే తప్ప నీళ్ళు చూడలేదు. అది నిండి, పొంగిన నీళ్ళు అలుగు పారే మరవ దాటి కొత్త రోడ్డు పట్టుకుని నేరుగా వచ్చి, ఒక్క ఇల్లూ విడిచిపెట్టకుండా నలభై వాకిళ్ళలో దూరాయి. సారూ నేనూ పోయేసరికి మోకాలి లోతు. బోండాల అక్క బాణలితో నీళ్ళు తోడుతోంది. శనగపిండి, బియ్యం, కూతురి పదో తరగతి సర్టిఫికెట్టు అన్నీ నానిపోయాయి.

"ఇదేప్పా, ఆపొద్దు నేను సెప్పబోయింది."

"నువ్వు వాస్తు గురించి అంటున్నావనుకున్నాను, అక్కా."

"వాస్తా? గుడిసెలో పుట్టినోళ్ళకు వాస్తేందప్పా? యాడ నీడుంటే ఆడ వాకిలి." ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే కొంత తేలికపడేవాణ్ణి.

సారు ఇంటికి వెళ్ళి ఆ నోటుపుస్తకం వెతికి తీశారు. ముప్పై తొమ్మిది 'పైదే' గుర్తుల మీద వేలు పెట్టి నెమ్మదిగా కిందిదాకా వచ్చారు. "లెక్క చెయ్యకుండానే జవాబు రాసేసినావు గదరా" అన్నారు. అంతే. మళ్ళీ ఎన్నికల్లో నిలబడలేదు.

నేను ఇప్పటికీ హేతువాదినే. వాస్తు పేరుతో బతికేవాళ్ళ మీద నా కలానికి పదును తగ్గలేదు. మొన్న వార్డు ఎన్నికల సందడిలో, మా బృందంలో కొత్తగా చేరిన లెక్చరరమ్మతో కలిసి ఆ వీధికి వెళ్ళాను. నలభై దక్షిణం వాకిళ్ళూ ఇటుకలతో మూసేసి ఉన్నాయి. ఉత్తరం గోడలు పగలగొట్టి అటు తలుపులు పెట్టుకున్నారు. ఆమె ఫోను తీసి ఫోటో కొట్టి, "చూడండి సార్, వీధంతా వాస్తు పిచ్చి! దీనిమీద నిప్పులాంటి వ్యాసం రాయాలి" అంది. "ముందు అడుగుదాం పదండి" అన్నాను. "అడిగేదేముంది సార్, కనిపిస్తూనే ఉంది కదా" అంది. ఆ ధీమా చూసి ముచ్చటేసింది, నవ్వూ వచ్చింది. అడుగుదామని దగ్గరికి పోతే, మేమున్న వైపు తట్టడానికి తలుపే లేదు. ఎండలో ఆ వీధంతా చుట్టి రావలసి వచ్చింది.