మా అత్త దరఖాస్తు

మొన్న పొద్దున బీచ్ రోడ్డులో నడకకు వెళ్లినప్పుడు, తెల్ల యూనిఫాంలో ఉన్న ఇద్దరు నేవీ అమ్మాయిలు ఆటోవాడితో బేరమాడుతూ కనిపిస్తే, ఎందుకో అక్కడే నిలబడిపోయాను. మా మేనత్త గుర్తొచ్చింది.

అత్త మిలటరీ నర్సు. పెళ్లి చేసుకోలేదు. బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు ఆమె పనిచేస్తున్న సరిహద్దు ఆసుపత్రి పక్కనే షెల్ పడి కుడిచెవి దెబ్బతింది. రిటైరై వన్‌టౌన్‌లో మా ఇంటికే వచ్చేసింది గానీ, హార్బర్లో ఓడ కూత వేస్తే అది ఏవైపు నుంచో ఆమెకు తెలిసేది కాదు. చెవి కారుతూనే ఉండేది, దూది పెట్టుకుని తిరిగేది.

ఎనభైల మొదట్లో, మాజీ సైనికుల పనులు చూసే ఒక ఆఫీసులో నాకు టైపిస్టు ఉద్యోగం వచ్చింది. ఇంకా పర్మనెంటు కాలేదు. నేవీ ఆసుపత్రిలో వైద్యానికి మా ఆఫీసు ఉత్తరం కావాలంటే, నాకు ఇబ్బందని ఇంట్లో మాటమాత్రం చెప్పకుండా, అత్త ఒకరోజు తనే వచ్చి మగవాళ్ల వరసలో నిలబడింది.

మా సూపరింటెండెంటు కాగితం చూడకుండానే, "ఏటమ్మా, మీ ఆయన డిశ్చార్జి బుక్కు తెచ్చేవా?" అన్నాడు.

"ఆయనెవుడూ లేడు బాబూ. ఉజ్జోగం సేసింది నానే."

"ఆడోలు మిలట్రీలో ఏటి సేత్తారమ్మా?"

వరసలో ఎవరో నవ్వారు.

"తెగిన కాళ్లు ఎత్తి పక్కనెడతారు," అంది అత్త, గొంతు పెంచకుండా.

నవ్వు ఆగింది. కానీ ఫారంలో ఆడవాళ్లకు 'భార్య', 'వితంతువు' తప్ప వేరే గడి లేదని ఆయన కాగితం వెనక్కి తోసేశాడు. అత్త ఒక్కసారి నావైపు చూసింది. నేను తలెత్తలేదు, టైపు కొడుతూనే ఉన్నాను. ఆమె కూడా నన్నెరగనట్టే కాగితం మడుచుకుని వెళ్లిపోయింది. సిగ్గుపడ్డానా, భయపడ్డానా అంటే అదేమీ లేదు. మధ్యాహ్నం క్యారేజీ విప్పి, అత్త వండిన కూరే తిన్నాను.

మరుసటి వారం అత్త పేరున ఇంకో ఫారం నింపి, ఆ రెండు మాటలూ కొట్టేసి, పైన 'స్వయంగా సైనికోద్యోగి' అని టైపు చేసి నేనే సంతకానికి పెట్టాను. సూపరింటెండెంటు విసుక్కున్నాడు గానీ పైకి పంపాడు. ఉత్తరం వచ్చేసరికి ఏడాది దాటింది. చీము ఆపగలం గానీ వినికిడి ఇక రాదని డాక్టరు చెప్పాడు.

"పోన్లేరా, ఇంకోటుంది కదేటి," అంది అత్త, తిరిగొచ్చే సిటీ బస్సులో.

ఇప్పుడు అలాంటి ఫారాలు లేవట, ఆడవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి పేరు పెట్టి పిలుస్తారట. మంచిదే. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి జరిగాక ఎన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా, ఆ రోజు ఎందుకు తలెత్తలేదని ఆమె నన్ను అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో, ఇప్పటికీ నాకు తెలియదు.