నేను చదవలేని చిట్టీలు

గోలు పడగానే మైదానమంతా ఒక పేరు పట్టుకుని అరిచింది. అది మా పక్క సందులో ఉండే కాలేజీ పిల్లవాడి పేరు. ఆ పిల్లవాడు జ్వరంతో మంచం దిగలేక మూలుగుతున్నాడని, వాళ్ళమ్మ అడిగితే పొద్దున్నే పలుచగా గంజి కాచి మా పెద్దదానితో పంపింది నేనే. మంచంలో ఉన్నవాడు మైదానంలో గోలెట్లా కొట్టాడు?

నేను పిల్లలతో టాంగాలో కూర్చుని చూస్తున్నాను. గోలు కొట్టినవాడు నల్లగా, ఎత్తుగా ఉన్నాడు. పక్క సందు పిల్లవాడు ఊదితే ఎగిరిపోయేటట్టు ఉంటాడు. పిల్లలు బాపు, బాపు అని చప్పట్లు కొడుతున్నారు. వాళ్ళ బాపు కాలేజీలో లెక్కలు చెబుతాడు, సాయంత్రాలు ఫుట్‌బాల్ జట్టుకు ఆట నేర్పుతాడు. ఆటలో నెగ్గితే ఆ గెలుపు ఆయనదే అని వాళ్ళ నమ్మకం. నేను ఆయన వంక చూశాను. ఆయన బాలునూ చూడటం లేదు, గోలు కొట్టినవాణ్ణీ చూడటం లేదు. మైదానం అవతలి గట్టు మీద తెల్ల చీరలో ఒక ఆడమనిషి నిలబడి ఉంది. ఆమెను చూసి తల ఊపాడు. ఆమె కూడా ఊపింది.

నాకు రెండు భయాలు ఒక్కసారే పుట్టాయి. ఇంటికి వచ్చేసరికి మొదటిది కాస్త వెనకబడింది. రెండోది మాత్రం నాతోపాటు వంటింట్లోకి వచ్చి కూర్చుంది.

మొదటి భయం సంగతి ముందు చెప్పాలి. కాలేజీల మధ్య ఆటల్లో ఒక కాయిదా ఉంది. హాజరీ పట్టీలో పేరున్న విద్యార్థులే ఆడాలి. ఆట మొదలుపెట్టేముందు రెఫరీ పేర్లు పిలుస్తాడు, పిలిచినవాడు హాజర్ అనాలి. బయటివాణ్ణి పెట్టి ఆడిస్తే గెలిచిన ఆటలన్నీ పోతాయి, ఆడించిన మాస్టరు నౌకరీ కూడా పోవచ్చు. పక్క సందు పిల్లవాడు పట్టీలో ఉన్నాడు గాని జన్మలో బాలు తన్నినవాడు కాదు. వాడి పేరుకు హాజర్ అన్నది ఇంకెవరో.

ఆ రాత్రి ఆ పేరు సంగతి అడిగాను. ఆయన నవ్వి, "దూరం నుంచి నీకు మొఖాలు ఏం కనపడ్తయి?" అన్నాడు. తెల్ల చీర సంగతి అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు చెబుతాడు, ఆ జవాబును నేను నమ్మాలి. దానికంటే అడగకుండా ఉండటమే సుఖమనిపించింది.

ఆ తర్వాత నేను ఆయన అంగీ జేబులు వెతకడం మొదలుపెట్టాను. ఉతికేముందు ఎవరైనా చూస్తారు, అందులో తప్పేముంది అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. బోధన్ బస్సు టికెట్లు దొరికేవి. ఒకసారి సగం రాసి ఆపేసిన చిట్టీ దొరికింది. ఉర్దూలో ఉంది. నేను పుట్టి పెరిగింది బెజవాడలో, చదివింది మద్రాసులో ఆడపిల్లల కాలేజీలో. షేక్స్పియరు నాటకంలో పేజీలకు పేజీలు అప్పజెప్పగలను. ఇక్కడి సర్కారు భాష ఉర్దూలో అక్షరం ఒక్కటి రాదు. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటినుంచి దుకాణం బోర్డు మొదలు పన్ను చీటీ దాకా అన్నిటి ముందూ నేను నిరక్షరకుక్షినే. ఆ చిట్టీని తిరగేసి, బోర్లేసి, దీపం వెలుగుకు పట్టి చూశాను. ఆయన దస్తూరీ తెలుగులో కోడి కెలికినట్టుంటుంది, ఉర్దూలో మాత్రం ఎంత ముద్దుగా ఉందో. అంత శ్రద్ధగా ఎవరికి రాస్తున్నాడు?

ఈయన బోధన్ వెళ్ళివచ్చిన రోజుల్లో బట్టలకు చెరకు పాకం మాడిన వాసన ఉండేది. కొత్తగా కట్టిన చక్కెర ఫ్యాక్టరీ వాసన అది. ఊరంతా ఆ వాసనేనట. నేను ఆ అంగీలను రెండుసార్లు ఉతికేదాన్ని.

తర్వాత మా వాళ్ళ చేతిలో ఓడిపోయిన కాలేజీవాళ్ళకు ఎక్కడినుంచో కూపీ దొరికింది. ఒక పొద్దున పెద్దదాన్ని బడిలో దింపడానికి పోతుంటే బస్టాండు గోడ దగ్గర జనం మూగి ఉన్నారు. గోడకు కాగితాలు అంటించి ఉన్నాయి, పెద్ద కలంతో ఉర్దూలో రాసినవి. ఒకాయన పైకి చదువుతుంటే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. నన్ను చూసి చదవడం ఆపాడు. నవ్వులు కూడా ఆగాయి. మా పెద్దది ఒకటో తరగతి. బడిలో ఉర్దూ అక్షరాలు నేర్పుతున్నారు దానికి. అది వేలు పెట్టి, కూడబలుక్కుని, "బో... ధన్. అమ్మా, బోధన్ అని ఉంది," అన్నది గట్టిగా. నేను దాని చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

బడి దగ్గర దాన్ని వదిలి సరాసరి పక్కింటి ఆపా దగ్గరికి పోయాను. ఆపా భర్త కచేరీలో గుమాస్తా. ఆమె గడప దాటదు గాని ఉర్దూలో ఆమెకు తెలియనిది లేదు. అప్పటికే ఆమె భర్త ఆ కాగితాలు మొత్తం నకలు రాసుకొచ్చి పెట్టాడు. ఊరిలో సగం ఇళ్ళలో నకలు ఉండి ఉంటుంది.

"నీకెందుకు బహెన్, మగోళ్ళ ఆటల లొల్లి," అన్నది ఆపా.

చదవమన్నాను. ఆమె చదువుతూ తెలుగులో చెప్పింది. శుక్రవారం బస్సుకు మీ తమ్ముణ్ణి పంపండి. బస్టాండు ఎదుటినుంచి కాకుండా వెనకనుంచి నడవమనండి. రెఫరీ ఫలానా పేరు పిలిస్తే హాజర్ అనమనండి, ఇంకో మాట మాట్లాడొద్దనండి. అట్లాంటివి నాలుగైదు. అన్నీ మా ఆయన ఒక ఆమెకు రాసినవే, ఆమె బోధన్ మిషన్ దవాఖానలో నర్సు. ఆటగాడు ఆమె తమ్ముడు, చక్కెర ఫ్యాక్టరీలో మిషన్లకు నూనె పెట్టే పని వాడిది. అక్క మాట లేనిదే కదలడట.

ఆపా మధ్యలో ఒకచోట ఆగి, రెండు వరుసలు దాటేసి కిందకు పోయింది. నేను ఆమె కళ్ళనే చూస్తున్నాను కాబట్టి తెలిసింది.

"అది కూడా చదవండి ఆపా."

"అండ్ల ఏం లేదు."

"ఏం లేనిదాన్ని దాటడం ఎందుకు?"

ఆమె చదివింది. మీరు పంపిన సర్వప్ప మా అవ్వ చేసినట్టే ఉంది, ఆమె పోయినప్పటినుంచి అట్లాంటిది తినలేదు. ఇంకో చిట్టీలో, మా ఇంట్లో ఈ సంగతి తెలవదు, ఆమె ప్రతిదానికీ భయపడ్తది, మీ అసొంటి ధైర్యం అందరికీ ఉండదు.

సర్వప్ప ఇక్కడివాళ్ళు చేసుకునే బియ్యప్పిండి రొట్టె, నాకు చెయ్యడం రాదు. పెళ్ళయిన కొత్తలో గిన్నెకు పిండి అద్ది, మూతపెట్టి, మాడ్చిపెట్టాను. ఆయన నవ్వి తిన్నాడు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు, అడగకపోతే ఆయనకు ఇష్టం లేదనుకున్నాను. ఇష్టం ఉంది. బోధన్లో ఉంది. దానికి కూడా నాకంత బాధ కలగలేదు. నేను భయస్తురాలినని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. అది మా ఇద్దరి మధ్య ఉండవలసిన మాట. దాన్ని తీసుకుపోయి ఇంకొక ఆడదానికి చెప్పాడు, పైగా ఆమె ధైర్యం పక్కన పెట్టి చెప్పాడు. ప్రేమలేఖ రాసి ఉంటే ఏడ్చేదాన్ని. ఇది చూసి ఏడుపు కూడా రాలేదు.

ఆయన సాయంత్రం వచ్చాడు. ప్రిన్సిపాల్ పిలిపించి మర్నాడు జవాబు ఇమ్మన్నాడట. నౌకరీ ఉంటుందో లేదో ఆ జవాబును బట్టి తేలుతుందట. నేను సర్వప్ప గురించి అడిగాను. ఆయన తల పట్టుకుని, "నౌకరి పోతుంటే సర్వప్ప సంగతా?" అన్నాడు. ఉర్దూలో ఎందుకు రాశారని అడిగాను. తెలుగులో రాస్తే అంగీ జేబులో నాకు దొరుకుతుందని, నేను భయపడి నిద్రపోనని, అందుకని ఉర్దూలో రాశానని చెప్పాడు. మరి చిట్టీలు గోడ మీదికి ఎట్లా వచ్చాయో ఆయనకూ అర్థం కాలేదు.

దీపాలు పెట్టకముందే ఆ నర్సు వచ్చింది. మైదానం గట్టు మీద చూసిన అదే తెల్ల చీర, చేతిలో గుడ్డసంచి. నాకంటే ఒకటి రెండేళ్ళు చిన్నదేమో. అందగత్తె అని చెప్పలేను, కాదని చెప్పుకుని సంతోషించడానికీ వీల్లేదు. తమ్ముడు వాడిన కాలేజీ బూట్లు తీసి గుమ్మంలో పెట్టింది. ఆయనతో కాకుండా నాతో మాట్లాడింది.

"అక్కా, తప్పు నాతోనే అయ్యింది. నాకు ఉర్దూ అచ్చరం రాదు. మా మిషన్ బడిల తెలుగే నేర్పిండ్రు. సారు చిట్టీ వస్తే మా దవాఖాన కంపౌండరు సదివి చెప్తుండె. ఆయన చిన్నాయన కొడుకు ఆ ఓడిన కాలేజీల ఉన్నడంట. కంపౌండరు సదివినవన్నీ యాది పెట్టుకుని వానికి రాసిచ్చిండు."

ఆయన ముఖం చూడాలి అప్పుడు. నాకు తెలియకూడదని రాసిన భాష ఆమెకూ రాదు. ఎన్ని వారాలు రాశాడో, నీకు చదవడం వచ్చా అని ఒక్కసారి అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. సారు అంత చదువుకున్నవాడు, నాకు రాదని ఆయనకు ఎట్లా చెప్పాలె అనుకున్నదట. నాకు లోపల ఒక్క క్షణం నవ్వు వచ్చింది. నేను చదవలేనివి ఆమె కూడా చదవలేదు. ఆయన మాటలన్నీ ఆమెకు ఒక కంపౌండరు గొంతులో అందాయి.

ఆమె సంచిలోనుంచి చిట్టీలు తీసి నా చేతిలో పెట్టింది. ఆయన దస్తూరీతో ఉన్న అసలువి. గోడ మీదివి ఎవరో రాసినవి, వాటితో ఏదీ రుజువు కాదు. "ఇవి పొయ్యిల పెట్టుండ్రి అక్కా. మా తమ్ముడు తానే ఆ పేరు చెప్పి ఆడిన, సారుకు తెల్వదు అంటడు. వాని పని పోతది. పోనీ. వయసు పిల్లగాడు."

చిట్టీలు నలగకుండా, అంచులు సరిగ్గా మడిచి ఉన్నాయి. అప్పుడు ఆ సంతోషం కాస్తా పోయింది.

"చదవరాదన్నావు గదా. మరి దాచుకున్నావెందుకు?"

ఆమె తల వంచలేదు. "నాకు ఎవ్వరు చిట్టీ రాయలేదక్కా," అన్నది.

నేను ఆయన వంక చూశాను. ఆయన నా చేతిలోని కాగితాల వంక చూస్తున్నాడు. పొయ్యి రాజుకునే ఉంది. కాల్చమనీ అనలేదు, వద్దనీ అనలేదు. నేనే ఏదో ఒకటి చెయ్యాలని చూస్తున్నాడు. కాల్చాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. నౌకరీ కోసం కాదు. ఆ మాటలు ఇక ఎక్కడా ఉండకూడదని. కాని కాల్చితే ఈ ఇల్లు, ఈ జీతం, పిల్లలు తినే ప్రతి ముద్ద ఆమె దయ అవుతాయి. ఆమె ధైర్యం గురించి ఆయన ఇక ఉర్దూలో రాయనక్కర్లేదు, రోజూ మా కంచంలోనే కనిపిస్తుంది. అది నేను పడలేను. మంచితనమని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఆమెకు ఋణపడటం ఇష్టం లేక చేసిన పని అది.

చిట్టీలు ఆయన చేతిలో పెట్టాను. "రేపు ఇవి తీసుకుపోయి ప్రిన్సిపాల్ ముందు పెట్టండి. ఆ అబ్బాయిని పిలిపించింది మీరేనని చెప్పండి."

"నౌకరి పోతది," అన్నాడు.

"పోతే పోనివ్వండి. నేను ప్రతిదానికీ భయపడతానని రాశారు. ఈసారి మీరు భయపడండి."

ఆమె ఏదో అనబోయింది. నేను అన్నం తిని పొమ్మన్నాను. బస్సు పోతుందని లేచింది. తినకుండా పోవడం నాకు హాయిగా అనిపించింది, పొద్దువాలే వేళ గుమ్మంలోకి వచ్చిన మనిషిని పస్తు పంపినందుకు సిగ్గు కూడా వేసింది. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా ఆ రెండూ అట్లాగే ఉన్నాయి.

పొద్దున్నే ఆయన స్నానం చేసి, ఏమీ తినకుండా, చిట్టీలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. పిల్లలకు పాలు పోస్తూ చెప్పాను. మీ బాపు ఆటలో కాయిదా తప్పాడు. ఒకరి పేరుతో ఇంకొకర్ని ఆడించాడు. ఇవాళ పోయి ఆ సంగతి తన నోటితో చెబుతాడు. బడిలో ఎవరైనా ఏమైనా అంటే, అవును, నిజమే అనండి, కొట్లాడొద్దు. మనం ఈ ఇల్లు వదిలి పోవలసి రావచ్చు.

చిన్నవాడు గోలు మన గోలు కాదా అని అడిగాడు. కాదన్నాను. వాడు ఏడుపు మొదలుపెట్టాడు. పెద్దది ఏడవలేదు. దానికి గోడ మీది కాగితం ఇంకా గుర్తుంది.

"బాపు చిట్టీ ఎవరికి రాసిండు అమ్మా?"

"బోధన్లో ఒకామెకు."

"మంచామెనా?"

పాలగిన్నె దించాను. మంచామెనే అని చెప్పాను.